నాలుగో కుర్చీ చూపు

ఎపిసోడ్ 1. మే 4

ఈ షిఫ్టు పుస్తకంలో ప్రతి పేజీ చివరా "విశేషాలు" అని ఒక గడి ఉంది. కంపెనీవాళ్ళు దాన్ని చదవరు. తెలుగులో రాస్తే అసలే చదవరు. అందుకని నా కడుపుమంటంతా ఇందులోనే రాసుకుంటాను.

షెడ్డు నంబరు 212, మెట్టవలస. ఏడు కుర్చీలు, ఏడుగురు ఆడవాళ్ళు, ఒక తెర. నా పేరు ఆద్య, షిఫ్టు రాసేదాన్ని. పదకొండేళ్ళు బ్యాటరీల ఫ్యాక్టరీలో చైనా సూపర్‌వైజర్ల కింద పనిచేసి, తిట్లతో సహా ఆ భాష నేర్చుకున్నాను. అందుకని తెర మీద వాళ్ళు అన్నదల్లా వీళ్ళకి తెలుగులో చెప్పే చాకిరీ కూడా నా నెత్తినే పడింది.

పొద్దున్న పదింటికి ఎండ సైరన్ మోగుతుంది. ఆ తర్వాత సాయంత్రం అయిదు దాకా మెట్టవలసలో బయట తిరిగే ప్రాణి ఉండదు. ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు తడిగుడ్డలు కప్పుకుని రేకుల కింద పడుకుంటారు. నిరుడు అలా పడుకున్నవాళ్ళలో పద్నాలుగుమంది మరి లేవలేదు. మా షెడ్డులో మాత్రం ఎప్పుడూ ఇరవయ్యారు డిగ్రీలే. యంత్రానికి చల్లదనం కావాలి, దాని పుణ్యాన మాకూ దొరుకుతుంది. ఈ ఏడుగురూ ఇక్కడికి వచ్చేది చైనా కుర్రాళ్ళ గెంతులు చూడ్డానికి కాదు, ఈ చల్లగాలి కోసం. నేనూ అంతే.

పని చెప్పుకోడానికి సులువు. చైనాలో జరిగే పోటీలో వందమంది కుర్రాళ్ళు పాడతారు, ఆడతారు, ఏడుస్తారు. పది వారాల్లో పదకొండుమంది మిగులుతారు. తెర నెత్తిన ఉన్న గాజుకన్ను మా కళ్ళని చూస్తూ ఉంటుంది. ఎవరి మీద మా చూపు నిలిస్తే వాళ్ళకి ఓటు. ఎవరి మీంచి చూపు తప్పిస్తే వాళ్ళకి కోత. ఇదివరకు ఫోన్లలోనే ఓట్లు వేసేవారట. యంత్రాలే లక్షల ఓట్లు గుద్దుకుని, ఒక ఏడాది అసలు పుట్టనే పుట్టని కుర్రాణ్ణి గెలిపించాయట. అప్పట్నించి మనిషి కళ్ళే కావాలన్నారు, అదీ ఆ కుర్రాళ్ళని ఎరగని దూరదేశపు కళ్ళు. మా తీరం పొడుగునా నాలుగువందల షెడ్లు వెలిశాయి.

నా ఏడుగురిలో లాస్యమ్మ, జశ్వితమ్మ లాంటి పాతకాలం పేర్లవాళ్ళే ఎక్కువ. సముద్రం ఊళ్ళు మింగకముందు అందరూ చేపలమ్మినవాళ్ళు. నాలుగో కుర్చీ జశ్వితమ్మది. డెబ్బై రెండేళ్ళు, రెండు కళ్ళకీ శుక్లాలు తీసి లెన్సులు వేశారు, అయినా చూపు పరీక్షలో నెగ్గింది. మా అమ్మకి వదిన అవుతుంది. నేను అత్తా అంటాను.

కాటుక ఉంటే యంత్రం తికమకపడుతుంది కాబట్టి అందరి కళ్ళూ తుడిపించాను. అరగంట గొడవ. కాటుక లేని మొహంతో కూర్చోబెడుతున్నందుకు లాస్యమ్మ నన్ను నోటికొచ్చినన్ని మాటలంది.

ఎపిసోడ్ 2. మే 11

కుర్రాళ్ళందరూ ఒకేలా ఉన్నారని వారమంతా సణిగారు. ఎపిసోడ్ వారానికొకటే అయినా, మిగతా రోజుల్లో వాళ్ళ సాధన, తిండి, అలకలు చూపిస్తూనే ఉంటారు. అవి చూసి చూసి నా గొంతు పోయింది.

ఈరోజు 37వ నంబరు కుర్రాడు వచ్చాడు. పేరు జీహాన్. పంతొమ్మిదేళ్ళు. వాళ్ళమ్మ సముద్రపొడ్డున ఆల్చిప్పలు ఒలుస్తుందట, తను కూడా చిన్నప్పట్నించీ ఒలిచాడట. నువ్వు ఆడుతున్నప్పుడు గుప్పిళ్ళు ఎందుకు మూసుకుంటావని జడ్జి అడిగితే, సిగ్గుపడుతూ అరచేతులు తెరిచి చూపించాడు. నిండా తెల్లటి కోతల మచ్చలు.

నేను తెలుగులో చెప్పడం అయ్యాక లాస్యమ్మ తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. తర్వాత వాడు ఆడాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, బాగా ఆడాడు.

ఆ పూటనించీ షెడ్డులో వాడే మాట. వాడు తిన్నాడా, వాడికి నిద్ర చాలిందా, ఆ పొడుగువాడు వాణ్ణెందుకు తోశాడు. జశ్వితమ్మ అయితే పేరు కూడా పెట్టి పిలవదు, మన గుంటడు అంటుంది.

ఎపిసోడ్ 4. మే 25

నాకు మతి పోతోంది. 37వ వాడు ఎనిమిదో స్థానం నుంచి ఇరవయ్యారుకి పడిపోయాడు. దాంతోపాటే కంపెనీనించి కాగితం: మన తీరంలోని షెడ్లన్నిటికీ 37 అంటే అయిష్టతట! అందులోనూ 212వ షెడ్డులో నాలుగో కుర్చీకి మరీ ఎక్కువట, తెరకేసి చూడాల్సిన సమయంలో చూపు తప్పిస్తోందట. నాలుగో కుర్చీకి మొదటి హెచ్చరిక.

మూడు హెచ్చరికలు పడితే కుర్చీ రద్దు. బయట జాబితాలో తొంభైమంది ఎదురుచూస్తున్నారు. జశ్వితమ్మ ఇల్లు నేను చూశాను. అది ఇల్లు కాదు, మూడు రేకులు. ఈ కుర్చీ పోతే జూలై దాటదు.

తెరని వదిలేసి ఈ పూటంతా ఆడవాళ్ళ మొహాలే చూస్తూ కూర్చున్నాను. 37వ వాడు వచ్చాడు. ఏడు మొహాలూ వెలిగాయి. పాట మంచి పట్టులోకి వచ్చి, వాడు గాల్లోకి లేచి తిరిగే చోట ఏడు తలలూ ఒక్కసారి పక్కకి తిరిగిపోయాయి! ఒకామె నేల చూపు చూసింది. ఒకామె తుపుక్ తుపుక్ అంది. లాస్యమ్మ మెటికలు విరిచింది. జశ్వితమ్మ కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుని, పాట అయ్యేదాకా తియ్యలేదు.

దిష్టి! నాలుగువందల షెడ్లలో ఉన్న ఆడవాళ్ళందరూ వాడికి దిష్టి తగలకూడదని చూపు తిప్పేసుకుంటున్నారు. యంత్రం దాన్ని అసహ్యం అని రాసుకుంటోంది. నచ్చనివాళ్ళని మాత్రం కళ్ళప్పగించి చూస్తున్నారు, ఎందుకంటే వాళ్ళకేమైనా వీళ్ళకి బెంగ లేదు. ఆ పొడుగువాడు మూడో స్థానంలో ఉన్నాడంటే మా వాళ్ళ చలవే.

నేను కంపెనీకి రాశాను. దిష్టి అన్న మాటకి వాళ్ళ పట్టికలో గడి లేదని జవాబొచ్చింది.

ఎపిసోడ్ 5. జూన్ 1

వారం మొదట్లోనే అందర్నీ కూర్చోబెట్టి చెప్పాను. మీరు వాణ్ణి కాపాడుతున్నామనుకుంటూ వాడి గొంతు కోస్తున్నారని అరిచాను కూడా. నోళ్ళు తెరుచుకుని విన్నారు. తర్వాత వాళ్ళలో వాళ్ళు ఆలోచన చేశారు. నాకు చెప్పకుండా చేశారు, అదీ నా కర్మ.

మర్నాడు తెర తుడవడానికి వెళ్తే, 37వ వాడు ఎప్పుడూ నిలబడే చోట గాజు మీద కాటుకచుక్క. చూడకపోతే కోత, చూస్తే దిష్టి, అందుకని చుక్క పెట్టి చూస్తారట. వాడు కదలకుండా ఫొటోలోలా నిలబడితే కదా! వాడు ఎడంపక్కకి గెంతినప్పుడల్లా చుక్క పోయి ఆ పొడుగువాడి బుగ్గ మీద పడుతోంది. అది చూసి నాకు నవ్వొచ్చింది. ఈ షెడ్డులో నేను నవ్వడం అదే మొదటిసారి అనుకుంటాను.

ఏమైతేనేం, చుక్క ధైర్యంతో ఆరుగురూ చూడ్డం మొదలుపెట్టారు. చుట్టుపక్కల షెడ్ల వాళ్ళకి కూడా కబురు పంపారు. జశ్వితమ్మ మాత్రం చూడలేదు. కొంగు తియ్యనే లేదు. నాలుగో కుర్చీకి రెండో హెచ్చరిక.

ఎపిసోడ్ 6. జూన్ 8

సైరన్‌కి ముందే వచ్చి, అత్తని ఒక్కదాన్నే నీళ్ళ డ్రమ్ము దగ్గర పట్టుకున్నాను. ఇంకొక్క హెచ్చరికతో నీ కుర్చీ పోతుంది, అందరూ చూస్తున్నారు, నీకేమొచ్చిందని నిలదీశాను. నా నోరు మంచిది కాదు, ఇంకా ఏవో అన్నాను.

అత్త చెంబు కింద పెట్టింది.

"మా రిత్విక్కి గాలిమరల కంపినీలో పని దొరికినాది. కొత్త బట్టలేసుకుని గుమ్మంల నిలబడ్డాడు. నానేటీ అన్నేదు. ఆణ్ణి కిందనుంచి పైదాకా కళ్ళారా సూసినాను. ఉప్పు దిగదుడుద్దునా, ఇంట్ల ఉప్పు నేదు. మద్దేనానికి స్తంబం మీంచి పడిపోనాడు."

రిత్విక్ అత్త కొడుకు. ఇది జరిగి ఇరవయ్యేళ్ళు దాటింది. నేను ఆ దహనానికి వెళ్ళాను కూడా. బెల్టు తెగిందని కంపెనీయే ఒప్పుకుంది. ఇన్నేళ్ళూ ఈవిడ ఆ బెల్టు సంగతి పక్కనపెట్టి తన కళ్ళని తిట్టుకుంటోందని నాకు తెలీదు. అప్పట్నించి ఎవరి పిల్లల్నీ నిండా చూడదట. చివరికి శుక్లాలు ముసిరినప్పుడు పీడ పోయిందనుకుందట, మనవరాలే బలవంతాన ఆపరేషన్ చేయించిందట.

అలాంటిదానికి బెల్టు గురించి చెప్పి లాభం లేదు. నేను ఇంకో దారిలో వెళ్ళాను. అత్తా, తెర మీద నువ్వు చూసేది ఇప్పుడు జరుగుతున్నది కాదు, తొమ్మిది రోజుల కిందట తీసింది, వాడు ఆ ఆట ఆడేసి, స్నానం చేసి, అన్నం తిని, తొమ్మిదిసార్లు పడుకుని లేచాడు, అయిపోయినదానికి నీ చూపెలా తగులుతుంది, అన్నాను. అది నిజమే. ఎపిసోడ్లన్నీ ముందే తీసినవే.

అత్త చెంబు మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"అయిపోయిందానికి తగల్దు," అంది. "నిజివేనా అమ్మీ?"

నిజమేనని చెప్పాను. ఆ మధ్యాహ్నం కొంగు సగం దించింది.

ఎపిసోడ్ 8. జూన్ 22

రాయడానికి పెద్దగా ఏమీ లేదు. 37వ వాడు పదహారుకి, అక్కణ్ణించి పదమూడుకి వచ్చాడు. నాలుగో కుర్చీకి ఈ వారం "శ్రద్ధ: ఉత్తమం" అని వచ్చింది. చదివి వినిపిస్తే అత్త సిగ్గుపడింది. లాస్యమ్మ, "ఓలమ్మా, ఇన్నాల్లకి పరీచ్చ పాసయినావు," అని ఆటపట్టించింది.

వాడు ఆడుతుంటే అత్త నోరు కొంచెం తెరుచుకుని చూస్తుంది. రెప్పలు టపటపలాడిస్తుంది, ముక్కు చీదుతుంది, మళ్ళీ చూస్తుంది. నేను చెప్పే తెలుగు కూడా వినదు. ఇంతకాలం ఇంత చూపుని ఎక్కడ దాచుకుందో! నాకు కొంచెం అసూయ వేసింది. నేను ఎవర్నీ అలా చూసింది లేదు, నన్నూ ఎవరూ అలా చూడలేదు. ఈ మాట ఎవరూ చదవరు కాబట్టి రాశాను.

ఎపిసోడ్ 9. జూన్ 29

వాడు పదకొండో స్థానంలో ఉన్నాడు. అంచు మీద.

చివరి ఎపిసోడ్ గురించి కంపెనీ కాగితం వచ్చింది. జూలై 6, మధ్యాహ్నం రెండింటికి. ముందే తీసినది కాదు. ప్రత్యక్ష ప్రసారం.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకున్నాను. అత్త అడిగింది, ఇది కూడా పాతదేనా అని. నేను నీళ్ళు నింపుతూ, పాతదే, ఇంకా ముందు తీశారట, అన్నాను. ఒక్క వారం, మూడో హెచ్చరిక పడకుండా గట్టెక్కితే కొత్త ఒప్పందంలో ఆవిడ కుర్చీ నిలుస్తుంది. అందుకే అన్నాను. మళ్ళీ అడిగినా అదే అంటాను.

ఎపిసోడ్ 10. జూలై 6

జరిగింది జరిగినట్టు రాస్తాను.

అత్త తలంటుకుని, ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుని వచ్చింది. ఈరోజుతో వాణ్ణి చూడ్డం అయిపోతుంది కదా అంది. "ఆకరిసారి. పాతదే గాబట్టి కళ్ళారా సూసుకుంతాను," అంది.

37వ వాడి పాట మూడు నిమిషాలు. ఈసారి గుప్పిళ్ళు మూసుకోలేదు, చేతులు చాచి ఆడాడు. నేను అత్తనే చూస్తున్నాను. రెప్ప వెయ్యలేదు. ముక్కు చీదలేదు. కూర్చున్నది కూర్చున్నట్టే, ఊపిరి తీస్తోందో లేదో తెలీకుండా, మూడు నిమిషాలూ చూసింది. సముద్రం మీద పడవ కోసం చూసీ చూసీ ఎండకీ ఉప్పుగాలికీ మొద్దుబారిన కళ్ళు అవి. చూస్తోంది కదా, హెచ్చరిక తప్పింది కదా అని లోపల సంతోషించాను. పచ్చి వెధవని.

పాటయ్యాక యాంకరు, దూరదేశాల్లో మన కోసం చూస్తున్న కళ్ళకి కృతజ్ఞతలు అన్నాడు. వాడి వెనకాల పెద్ద తెర మీద షెడ్లు ఒక్కొక్కటే కనిపించసాగాయి. మూడో నాలుగో షెడ్డు మాదే. ఏడు కుర్చీలు, పక్కన గోడకి ఆనుకుని నేను. లాస్యమ్మ కేకేసి చెయ్యి ఊపింది. తెరలో లాస్యమ్మ కూడా ఊపింది. 37వ వాడు మా వైపు తిరిగి నడుం వంచి దణ్ణం పెట్టాడు.

అత్త మెల్లగా కొంగు తల మీదకి లాక్కుంది. తెరలో ముసలమ్మ కూడా లాక్కుంది. అత్త చెయ్యి దించింది. ఆ ముసలమ్మా దించింది.

"ఇది ఇప్పుడు జరగతంది," అంది అత్త. నన్ను అడగలేదు, తనే చెప్పింది.

నేను తెర వైపు తిరిగిపోయాను.

పదకొండు పేర్లు చదివారు. వాడి పేరు లేదు. పన్నెండోవాడు. కెమెరా వాడి దగ్గరికి వెళ్ళింది. వాడు నవ్వుతూ, మిగతావాళ్ళకి చప్పట్లు కొడుతూ, ఆ మచ్చల చేతులు మళ్ళీ గుప్పిళ్ళు చేసుకున్నాడు.

అత్త లేచి తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. మూడున్నర. బయట యాభై మూడు డిగ్రీలు.

నేను తువ్వాలు డ్రమ్ములో ముంచి పరిగెత్తబోతుంటే తెర పక్కనున్న చిన్న పలక మీద నాలుగో కుర్చీ అంకె ఎర్రగా వెలిగింది. "చూపు 171 సెకన్లు. రెప్పపాటు లేదు. లెన్సు ప్రతిబింబం ఉంది. మనిషి చూపు కాదు. లెక్కనుంచి తొలగించడమైనది. కుర్చీ రద్దు." కంపెనీ రూళ్ళ పుస్తకంలో ఆ రూలు ఉంది, నేను చదివాను కూడా. మనిషన్నవాళ్ళు అంతసేపు రెప్ప వెయ్యకుండా చూడరని వదిలేశాను.

షెడ్డు గోడ నీడ జానెడుంది. అందులో అత్త వీపు గోడకి ఆనించి కూర్చుంది. తువ్వాలు తల మీద కప్పితే లాగి పారేసింది. లోపలికి రమ్మంటే రానంది. నేను తలుపు మీద చెయ్యి పెట్టి ఆవిణ్ణి లాగినా తలుపు తెరుచుకోలేదు, రద్దయిన కుర్చీ మనిషికి అది తెరుచుకోదు. ఇద్దరం ఆ జానెడు నీడలోనే మిగిలాం.

"నువ్వు నాకు అబద్దం సెప్పినావు," అంది. "ఇద్దర్ని తినీసినాయి నా కళ్ళు."

అప్పుడు చెప్పేశాను. నాలుగువందల షెడ్లలో ఒక్క కుర్చీతో వాడు గెలవడూ ఓడడూ అని చెప్పలేదు, అది ఆవిడకి ఎక్కదు. పలక మీద ఉన్నదే చెప్పాను. అత్తా, నీ చూపు అసలు లెక్కలోకే తీసుకోలేదు. అది మనిషి చూపు కాదని తీసి పారేశారు. వాడి దాకా వెళ్ళనే లేదు. నీ కుర్చీ కూడా పోయింది.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. అత్త నా మొహంలోకి చూసింది, ఎన్నేళ్ళ తర్వాతో నిండుగా చూసింది.

"మనిసి సూపు కాదా?"

"కాదట."

"అంటే తగల్నేదు."

"తగల్లేదు."

తువ్వాలు తనే తీసుకుని తల మీద వేసుకుంది. అయిదింటి సైరన్ దాకా ఇద్దరం దాని కిందే కూర్చున్నాం. లోపలున్న ఆరుగురూ వంతులవారీగా తలుపు సందులోంచి నీళ్ళు అందించారు. వాళ్ళెవరూ బయటికి రాలేదు. వస్తే వాళ్ళ కుర్చీలు పోతాయి, రావద్దని నేనే అరిచాను.

జూలై 7. కొత్త ఎపిసోడ్ లేదు

పొద్దున్నే అత్త వచ్చింది. గుమ్మం దాటలేదు. కుర్చీ తిరిగి ఇప్పించమని అడుగుతుందేమోనని నేను ముందే మొహం గంటు పెట్టుకున్నాను. ఆవిడ అడిగింది అది కాదు. నిన్న పలక మీద రాసింది కాగితం మీద రాసిమ్మంది, కంపెనీ ముద్ర వేసి.

రాశాను. "మెట్టవలస, షెడ్డు 212, నాలుగో కుర్చీ, జశ్విత. ఈమె చూపు మనిషి చూపు కాదని యంత్రం నిర్ధారించింది."

చదివి వినిపించమంది. వినిపించాను.

"అమ్మీ, ఆ మిసను అప్పుడు నేదు గాని, ఉంటే రిత్విక్కిని సూసినప్పుడు కూడా అలగే సెప్పున్ను కదా? ఆ మాట కూడా రాసీ."

రూళ్ళు తెలిసినదాన్ని. ఒక అక్షరం తప్పితే కాగితం చించి మళ్ళీ రాసేదాన్ని. మారు మాట్లాడకుండా కింద ఇంకో వరస రాశాను. "ఇప్పుడే కాదు, మొదట్నించీ కాదు." రిత్విక్ పోయిన తేదీ అడిగితే తడుముకోకుండా చెప్పింది, అదీ వేశాను. ముద్ర కొట్టాను. అత్త మూడుసార్లు చదివించుకుని, కాగితం మడిచి రొంటిన దోపుకుని, సైరన్ మోగకముందే ఇల్లు చేరాలని గబగబా దిగువకి నడిచింది.

కొత్త ఒప్పందంలో నాలుగో కుర్చీకి జాబితాలో మొదటి పేరున్నావిడ వచ్చి కూర్చుంది. కాటుక తుడిపించాను.